రెండు బర్మా క్యాంపులు: శరణార్థికి ఇల్లు ఎక్కడినుంచి వస్తుంది?

ఇంటి లోను కోసం తిరిగినవాళ్లకి రెప్కో అన్న పేరు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. చెన్నై బ్యాంకు. మన దగ్గరా బ్రాంచీలున్నాయి. బంగారం మీద అప్పులిస్తుంది, ఇంటి రుణాలకు దాని కింద వేరే కంపెనీ ఉంది. ఆ పొట్టి పేరును విప్పితే ‘రీపేట్రియేట్స్ కోఆపరేటివ్ ఫైనాన్స్ అండ్ డెవలప్‌మెంట్ బ్యాంక్’. అంటే, పరాయి దేశంలో బతుకు చెడి తిరిగొచ్చినవాళ్ల సహకార బ్యాంకు. బర్మా నుంచి, శ్రీలంక నుంచి వచ్చిన కుటుంబాలను నిలబెట్టడానికి 1969లో కేంద్ర ప్రభుత్వమే దాన్ని పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ అందులో వాటా ఉంది.

బర్మాతో మన సంబంధం పాతది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లి, అక్కడ మూటలు మోసి, రైసు మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లను బర్మావాళ్లు ‘కోరంగీలు’ అనే పిలిచేవాళ్లు. 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేసింది. భారతీయ మూలాలున్నవాళ్లు లక్షకు పైగా ఓడల్లో వెనక్కొచ్చారు. వాళ్లకు ప్రభుత్వం క్యాంపులు పెట్టింది, స్థలాలు చూపించింది, వ్యాపారానికీ ఇంటికీ అప్పులిచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో ‘బర్మా క్యాంప్’ అన్న పేరు ఆ రోజులనాటిదే. ఇప్పుడక్కడ క్యాంపు అనదగ్గది ఏమీ లేదు. పేరు మిగిలింది, అంతే.

హైదరాబాద్‌లోనూ బర్మావాళ్ల క్యాంపులున్నాయి. పాతబస్తీ దాటి బార్కస్ మీదుగా బాలాపూర్ వైపు వెళ్తే, ఖాళీ ప్లాట్లలో వెదురు కర్రలు, ప్లైవుడ్ ముక్కలు, టార్పాలిన్లతో కట్టిన గుడిసెలు బారులు తీరి కనిపిస్తాయి. అక్కడున్నవాళ్లు రోహింగ్యాలు, బర్మాలోని (ఇప్పటి మయన్మార్) ముస్లిం మైనారిటీ. ఎక్కువమంది 2012 అల్లర్ల తర్వాత మయన్మార్ రఖైన్ రాష్ట్రం నుంచి బంగ్లాదేశ్ మీదుగా వచ్చారు. నగరం మొత్తంమీద ఆరేడు వేలమంది ఉంటారు. దేశంలో యూఎన్‌హెచ్‌సీఆర్, అంటే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, దగ్గర నమోదైన రోహింగ్యాలు సుమారు 22 వేలు.

బర్మానుంచే వచ్చిన ఇద్దరిలో ఒకరికి బ్యాంకు, ఇంకొకరికి టార్పాలిన్. వాళ్లు మనవాళ్లు, వీళ్లు పరాయివాళ్లు, తేడా ఉండదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంటుంది. కానీ లెక్క అంత తేలిక కాదు. టిబెటన్లు కూడా పరాయివాళ్లే. వాళ్లకు మూడువేల ఎకరాలిచ్చాం. పాకిస్తాన్ నుంచి వచ్చిన హిందువులను మనవాళ్లేనంటూ చట్టమే చేశాం. ఢిల్లీలో వాళ్లు ఇప్పటికీ యమున గట్టున గుడిసెల్లోనే ఉన్నారు. ‘మనవాళ్లు, పరాయివాళ్లు’ అన్న ఒక్క తాళంచెవితో ఈ తలుపులన్నీ తెరుచుకోవు.

తెలుగులో పాత మాట కాందిశీకుడు. ‘కాం దిశం’, అంటే ‘ఏ దిక్కుకు పోను’ అంటూ పరుగెత్తేవాడు అని పండితులు ఆ మాటను విడదీస్తారు. దేశ విభజనప్పుడూ బంగ్లాదేశ్ యుద్ధమప్పుడూ మన పత్రికల్లో ఈ మాటే కనిపించేది. తర్వాత శరణార్థి వచ్చాడు. ఇప్పుడు టీవీలో ‘అక్రమ వలసదారు’, ‘చొరబాటుదారు’ వినిపిస్తున్నాయి. పరుగెత్తే మనిషి అప్పుడూ ఇప్పుడూ ఒక్కలాగే ఉంటాడు. ఆఫీసు ఫైలు మీద ఈ మాటల్లో ఏది పడిందన్న దాన్నిబట్టి వాడికి దొరికే కప్పు మారుతుంది.

చాలా దేశాల్లో రెండు దశలుంటాయి. శరణు కోరి, జవాబు కోసం ఎదురుచూసేవాడు ఆశ్రయార్థి. విచారణ ముగిసి ‘ఔను’ అన్నాక శరణార్థి. ఒక్కో దశకు ఒక్కో రకం వసతి, భత్యం ఉంటాయి. మన విదేశీయుల చట్టానికి ఈ తేడా తెలియదు. శరణార్థుల మీద 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంపై భారత్ సంతకం చెయ్యలేదు, సొంతంగా శరణార్థి చట్టమూ చేసుకోలేదు. నిన్నమొన్నటి దాకా నడిచింది 1946 నాటి విదేశీయుల చట్టం. దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం వచ్చింది. పాతదైనా కొత్తదైనా, పర్యాటకుడూ ఒకటే, ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడూ ఒకటే: విదేశీయుడు. కొత్త చట్టంలో కాగితాల్లేకుండా వస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా.

చట్టం లేనిచోట ఆదేశాలు పనిచేస్తాయి. టిబెటన్లు, శ్రీలంక తమిళులను కేంద్ర హోం శాఖే నేరుగా చూసుకుంటుంది. అఫ్గాన్లు, సోమాలీలు, మయన్మార్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది యూఎన్‌హెచ్‌సీఆర్ గుమ్మం తొక్కాలి. ఆ సంస్థ ఇంటర్వ్యూలు చేసి, కథను నమ్మితే ఒక కార్డు ఇస్తుంది. కొత్త చట్టంతోపాటే వచ్చిన మినహాయింపుల ఉత్తర్వు చదివితే ఈ విభజన ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. టిబెటన్లకు మినహాయింపు ఉంది. 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2024 డిసెంబరు 31 లోపు వచ్చిన ముస్లిమేతర మైనారిటీలకు ఉంది. రోహింగ్యాలకు లేదు.

టిబెటన్ల సంగతి ముందు చూద్దాం. చలికాలం రాగానే మన ఊళ్లలో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్లను చాలామంది నేపాలీలనుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది టిబెటన్లు. ఆ నాలుగు నెలలు అమ్ముకుని తిరిగి సెటిల్‌మెంట్‌కు వెళ్లిపోతారు. 1959లో దలైలామా వెనక వచ్చినవాళ్లకు అప్పటి మైసూరు ప్రభుత్వం బైలకుప్పె దగ్గర దాదాపు మూడువేల ఎకరాల అడవి లీజుకిచ్చింది. వాళ్లు దాన్ని నరికి చదును చేసి మొక్కజొన్న పండించారు, బడులూ ఆసుపత్రులూ మఠాలూ కట్టుకున్నారు. శ్రీకాకుళంవాళ్లు కొందరు ఆదివారాలు జీరంగ్ మఠం చూడటానికి వెళ్తుంటారు కదా, మహేంద్రగిరికి అవతల ఒడిశా చంద్రగిరిలో ఉన్నది, అదీ అలాంటి సెటిల్‌మెంటే.

అంత బాగా కుదిరిన ఏర్పాటులోనూ నేల మాత్రం లీజుదే. 2014లో కేంద్రం టిబెటన్ పునరావాస విధానం అని ఒకటి తెచ్చి, రాష్ట్రాలు ఇరవయ్యేళ్ల లీజు రాసివ్వాలంది. అంటే మూడు తరాలు పుట్టి పెరిగిన ఇంటి కింద నేల ఇప్పటికీ కుటుంబానిది కాదు. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఇక్కడ పుట్టిన ఎవరైనా పుట్టుకతోనే భారత పౌరులు. టిబెటన్లు కోర్టుకెళ్లి దీన్ని సాధించుకున్నారు. ఆ తర్వాత, 2017లో, పాస్‌పోర్ట్ కావాలంటే శరణార్థిగా ఉండటానికిచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అప్పగించాలి, సెటిల్‌మెంట్‌లో ఉండకూడదు, శరణార్థిగా వచ్చే సదుపాయాలు వదులుకోవాలి అని షరతులు పెట్టారు. పౌరుడైతే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నమాట.

శ్రీలంక తమిళుల కథలో ప్రభుత్వం చెయ్యి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1983 జులై అల్లర్ల తర్వాత పడవల్లో రామేశ్వరం తీరానికి చేరడం మొదలై, 2012 దాకా మూడు లక్షల మంది వచ్చారు. పడవ దిగగానే మండపం క్యాంపు, అక్కడ విచారణ, అక్కడినుంచి జిల్లాల్లోని క్యాంపులు. వందకు పైగా క్యాంపుల్లో ఇప్పుడు సుమారు 58 వేలమంది ఉన్నారు. మరో ముప్పై నాలుగు వేలమంది పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించుకుని బయట అద్దెకుంటున్నారు. క్యాంపులు నడిపేది రెవెన్యూవాళ్లు, కన్నేసి ఉంచేది క్యూ బ్రాంచి అనే తమిళనాడు నిఘా పోలీసులు. బియ్యం వస్తాయి, నెలకింత నగదు వస్తుంది. బడికీ కాలేజీకీ సాయం ఉంటుంది. కానీ హాజరు వేయించుకోవాలి, రాత్రి బయట ఉండాలంటే చెప్పి వెళ్లాలి.

ఇల్లు అనేది చాలా క్యాంపుల్లో పదడుగులకు పదడుగుల గది. తాత్కాలికం అనుకుని కట్టినవి ముప్పై ఏళ్లు నిలబడ్డాయి. ఆ గదిలోనే పిల్లలు పుట్టారు, వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, మధ్యలో చీర కట్టి గదిని రెండు చేశారు. 2021 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం 317 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అందులో 231 కోట్లు, శిథిలమైన 7,469 ఇళ్లను మళ్లీ కట్టడానికే. కుటుంబ పెద్దకు నెలకిచ్చే వెయ్యి రూపాయలు పదిహేను వందలయ్యాయి, మిగతా పెద్దవాళ్లకు 750 కాస్తా వెయ్యి, పిల్లలకు 400 కాస్తా 500. ‘శరణార్థి శిబిరం’ అన్న పేరు తీసేసి ‘శ్రీలంక తమిళుల పునరావాస శిబిరం’ అని పెట్టారు. వాళ్లేం అనాథలు కారు, మేమున్నాం అని స్టాలిన్ అసెంబ్లీలో అన్నారు.

వాళ్లకు వాళ్లే చేసుకున్నదీ తక్కువేం కాదు. 1984లో శరణార్థులే పెట్టుకున్న ఓఫర్ అన్న సంస్థ క్యాంపుల్లో ట్యూషన్లు చెప్పింది, నర్సులకూ టీచర్లకూ శిక్షణ ఇచ్చింది, పుట్టిన పిల్లలకు శ్రీలంక జనన ధ్రువపత్రాలు తెప్పించింది. ఏదో ఒక రోజు తిరిగి వెళ్తామన్న లెక్కతోనే అదంతా.

అయితే ఇదంతా ప్రభుత్వం మనసు మీద ఆధారపడింది. 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగిన మరుసటి నెలల్లోనే ఆ మనసు మారింది. స్వచ్ఛంద సంస్థలను క్యాంపుల్లోకి రానివ్వలేదు, నిఘా పెరిగింది, ఓడలెక్కించి వెనక్కి పంపడం మొదలైంది. హత్యతో ఏ సంబంధం లేని కుటుంబాలు కూడా ఆ మూల్యం కట్టాయి. హక్కుగా వచ్చిన ఇల్లయితే కోర్టులో అడగవచ్చు. దయగా వచ్చిన ఇల్లు పోతుంటే అడ్డుపడటానికి ఏ సెక్షనూ ఉండదు.

మళ్లీ బాలాపూర్. ఇక్కడ ప్రభుత్వం క్యాంపు పెట్టలేదు, యూఎన్‌హెచ్‌సీఆర్ కూడా పెట్టలేదు. దేశంలో ఎక్కడా ఆ సంస్థ సొంతంగా క్యాంపులు నడపదు. మరి ఈ క్యాంపు ఎవరిది? ప్లాటు యజమానిది. ఖాళీగా పడున్న స్థలాన్ని అద్దెకిస్తాడు, గుడిసెలు వాళ్లే వేసుకుంటారు. నేలకు అద్దె, కరెంటుకు వేరే. కొందరు యజమానులు దయతో ఇచ్చారు, కొందరికి అది ఖాళీ ప్లాటు మీద వచ్చే ఆదాయం. యజమానికి అపార్ట్‌మెంటు కట్టాలనిపిస్తే గుడిసెలు విప్పుకుని ఇంకో ప్లాటు వెతుక్కోవాలి. బార్కస్ పక్కనే ఇది జరగడం యాదృచ్ఛికమే అయినా ప్రస్తావించదగ్గదే. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల ‘బ్యారక్స్’ అది. ఆ మాటే బార్కస్ అయింది. నిజాం వాళ్లకు ముందు కొలువిచ్చాడు, కొలువుతోపాటే ఇల్లూ వచ్చింది.

రోహింగ్యా మగవాళ్లు చిత్తు ఏరుతారు, అడ్డా మీద నిలబడి కూలికి వెళ్తారు, మాంసం దుకాణాల్లో పనిచేస్తారు. చేతిలో యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు ఉంటుంది. ఆ కార్డు ఇతను శరణార్థి అని చెబుతుందే కానీ, ఇతనికి ఇక్కడ ఉండే హక్కుందని మన ప్రభుత్వం తరఫున చెప్పదు. 2011 డిసెంబరులో హోం శాఖ ఒక పద్ధతి తెచ్చింది. దాని ప్రకారం, ప్రాణభయం నిజమని తేలితే దీర్ఘకాలిక వీసా ఇవ్వవచ్చు, ఆ వీసాతో ప్రైవేటు ఉద్యోగం చెయ్యవచ్చు, చదువుకోవచ్చు. కొందరు రోహింగ్యాలకు అవి వచ్చాయి కూడా. 2017 ఆగస్టులో, వీళ్లందరినీ గుర్తించి వెనక్కి పంపండని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. వీసాల ముచ్చట అక్కడితో ముగిసింది.

వీసా లేదు కాబట్టి ఆధార్ లేదు. ఆధార్ లేకపోతే ఏమవుతుందో మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, గ్యాస్, రేషన్ అన్నీ ఆ పన్నెండంకెల వెనకే నిలబడ్డాయి. రేషన్ కార్డు లేదు కనక ఆరోగ్యశ్రీ లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ దొరుకుతుంది, పెద్ద ఆపరేషన్ అంటే మళ్లీ కార్డు అడుగుతారు. అబద్ధపు కాగితాలతో ఆధార్ తీసుకున్నవాళ్లూ ఉన్నారు. పట్టుబడినవాళ్ల మీద కేసులు పడ్డాయి. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చి దుమారం రేపింది కూడా ఇలాంటి అనుమానంతోనే. తప్పు తప్పే. ఏ కార్డూ లేకుండా బతకడానికి ఇక్కడ సరైన దారి ఏదో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

బడి విషయంలో కొంత నయం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల ‘ప్రతి బిడ్డకూ’ అంటుంది, ప్రతి పౌరుడి బిడ్డకు అనదు. ఢిల్లీలో రోహింగ్యా పిల్లలను బడిలో చేర్చుకోవడం లేదని వేసిన కేసులో, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు ప్రభుత్వ బడికి వెళ్లి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అంది. హైదరాబాద్‌లో కోవా లాంటి స్వచ్ఛంద సంస్థలు పిల్లలను బడి దాకా, గర్భిణులను ఆసుపత్రి దాకా వెంటబెట్టుకుని వెళ్లే పని చేశాయి. ఈ ‘వెంట వెళ్లడం’ చిన్న పనిగా కనిపిస్తుంది. భాష రానివాడికి, పోలీసంటే వణికేవాడికి, కౌంటర్ దగ్గర పక్కన ఒక మనిషి నిలబడటమే సగం సేవ. ఆ మనిషి జీతం విదేశీ నిధుల నుంచి వస్తుంది. 2025లో అమెరికా సాయం కోసేశాక యూఎన్‌హెచ్‌సీఆర్ ప్రపంచమంతటా సిబ్బందిని తగ్గించుకుంది.

ప్రభుత్వమే ఇల్లివ్వాలనుకుంటే ఏమవుతుందో ఢిల్లీ ఒక రోజు చూపించింది. అక్కడ కాళిందీకుంజ్ దగ్గరి రోహింగ్యా గుడిసెలు 2018 ఏప్రిల్‌లో ఒకసారి, 2021 జూన్‌లో ఇంకోసారి కాలి బూడిదయ్యాయి. 2022 ఆగస్టు 17 ఉదయం కేంద్ర గృహనిర్మాణ మంత్రి హర్‌దీప్ సింగ్ పురి ట్వీట్ చేశారు. బక్కర్‌వాలాలోని ఫ్లాట్లకు వీళ్లందరినీ మారుస్తాం, కనీస సదుపాయాలుంటాయి, పోలీసు రక్షణ ఉంటుంది అన్నారు. కొన్ని గంటల్లోనే హోం శాఖ ప్రకటన వచ్చింది. అలాంటి ఆదేశమేదీ ఇవ్వలేదు, వీళ్లు చట్టవిరుద్ధంగా వచ్చిన విదేశీయులు, దేశం దాటించేదాకా ఇప్పుడున్నచోటే ఉంటారు, ఆ చోటునే నిర్బంధ కేంద్రంగా ప్రకటించమని ఢిల్లీ ప్రభుత్వానికి చెప్పాం అన్నది దాని సారాంశం. పొద్దున ఫ్లాటు, మధ్యాహ్నానికి నిర్బంధ కేంద్రం. గృహనిర్మాణ శాఖకు వీళ్లు ఇల్లు లేనివాళ్లు, హోం శాఖకు చొరబాటుదార్లు. ఏ శాఖ మాట నెగ్గుతుందో చెప్పే చట్టం లేదు కాబట్టి బలమైన శాఖ మాటే నెగ్గింది.

ఇందుకు పూర్తిగా తిరగేసిన బొమ్మ మిజోరంలో ఉంది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక అక్కడి చిన్ తెగవాళ్లు సరిహద్దు దాటారు. రానివ్వొద్దని కేంద్రం రాసింది. వాళ్లు మా రక్తమని అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా ప్రధానికి తిరిగి రాశారు. ముప్పై వేలమందికి పైగా వచ్చారు. చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ ఊరూరా వెదురు, రేకులు పోగుచేసి షెడ్లు వేశాయి. అదే దేశం, అదే చట్టం, అటూ ఇటూ మయన్మార్ మనుషులే. మిజోరంలో ఇరుగుపొరుగు తమవాళ్లనుకుంది. కానీ చందాలతో ఎన్నేళ్లు అన్న ప్రశ్న అక్కడా వచ్చింది.

లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో ఉన్న మనవాళ్లు 2025 ఎండాకాలంలో హోటళ్ల ముందు జరిగిన నిరసనలు చూసే ఉంటారు. అక్కడి లెక్క మనకు సరిగ్గా ఎదురుది. దిక్కులేని ఆశ్రయార్థికి కప్పు చూపించడం అప్పటికి అక్కడి ప్రభుత్వం బాధ్యత. ఇళ్లు చాలక హోటళ్లలో పెట్టింది, దాని బిల్లు చూసి జనం మండిపడ్డారు. పనిచేసుకుని బతుకుతామంటే మాత్రం దరఖాస్తు ఏడాదికి పైగా తేలకపోతేనే, అదీ కొన్ని రకాల ఉద్యోగాలకే అనుమతి. మన దగ్గర రోహింగ్యాకు ఇల్లు ఎవరూ ఇవ్వరు, అడ్డా మీద నిలబడితే ఎవరూ ఆపరు. రెండింట్లో ఏది మెరుగని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. కూలి పనిలో కనీసం చేతులు ఖాళీగా ఉండవు.

మనకు ఇళ్లివ్వడం చేతకాకనా అంటే, కాదు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీలకు మల్కన్‌గిరి అడవుల్లో ఊళ్లే కట్టించారు. పేర్లు పెట్టే తీరిక లేక ఎంవీ-1, ఎంవీ-2 అని నంబర్లేశారు, ఇప్పటికీ అవే ఊరి పేర్లు. మన కాగజ్‌నగర్ దగ్గర నజ్రుల్‌నగర్‌లోనూ అలా వచ్చిన బెంగాలీ కుటుంబాలే. కవి పేరున్న ఊరు, తెలంగాణ మధ్యలో చేపల కూర వాసన. అప్పుడు పునరావాసానికి కేంద్రంలో ఏకంగా ఒక మంత్రిత్వ శాఖ ఉండేది. అడవినీ ఆదివాసులనూ అడగకుండా చేశారన్నది వేరే గొడవ, చిన్నదేం కాదు. కానీ భూమి, ఇల్లు, బావి, బడి ఒక కట్టగా ఇవ్వాలని తెలిసిన యంత్రాంగం అప్పుడు ఉంది.

ఇప్పుడు బాలాపూర్ ప్లాటు యజమానిని మన చట్టం అడిగేది వేరు. విదేశీయుడికి వసతి ఇచ్చేవాడు ఇరవైనాలుగు గంటల్లో ఒక ఫారం నింపి అధికారులకు తెలపాలి. అందులో పాస్‌పోర్ట్ నంబరు, వీసా నంబరు, అది ముగిసే తేదీ రాయడానికి గళ్లుంటాయి. యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు నంబరుకు గడి లేదు.